యెఫ్తా మొక్కితే, మిగతావాళ్ళేం చేశారు?

పోయిన నెల మా అన్నయ్య వాళ్ళింట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. వాక్యం చెప్పడానికి వచ్చిన పాస్టరుగారు న్యాయాధిపతులు 11వ అధ్యాయం తీశారు. బైబిల్లో ఇశ్రాయేలు నాయకుడు యెఫ్తా మొక్కుబడి అది. అమ్మోనీయుల మీద గెలిపిస్తే, తిరిగొచ్చేటప్పుడు ఇంటి గుమ్మంలోంచి ఏది ఎదురొస్తే దాన్ని దహనబలిగా ఇస్తానన్నాడు. తంబురలు వాయించుకుంటూ ఒక్కగానొక్క కూతురు ఎదురొచ్చింది. పాస్టరుగారు దీన్ని మాట నిలబెట్టుకున్న భక్తుడి కథగా చెప్పారు. గుండె పగిలినా మాట వెనక్కి తీసుకోలేదు, అందుకే హెబ్రీ పత్రికలో విశ్వాసవీరుల వరసలో అతని పేరుంది అన్నారు. ఆ ఊపులోనే మా మేనకోడల్ని లేచి నిలబడమన్నారు.

ఆ పిల్లకి మూడు నెలలప్పుడు న్యుమోనియా వచ్చింది. గుంటూరులో ఆస్పత్రి వరండాలో కూర్చుని మా వదిన, "బిడ్డని బతికించు ప్రభువా, నీ సేవకే ఇచ్చేస్తాను" అని మొక్కుకుంది. ఇప్పుడు పిల్లకి ఇంటర్ అయిపోతోంది. పరీక్షలవగానే బైబిల్ ట్రైనింగుకి పంపుతున్నామని అందరి ముందూ చెప్పారు. అందరూ ఆమేన్ అన్నారు. భోజనాల దగ్గర మంచినీళ్ళ గ్లాసులు సర్దుతూ ఆ పిల్ల నా పక్కన ఆగింది. "అత్తా, మొక్కుకుంది అమ్మ కదా, చెల్లించాల్సింది నేనా?" అంది. ఎదిరించి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

ఈ ప్రశ్న మీద యూదుల రబ్బీలు, అంటే మతపండితులు, రెండు వేల ఏళ్ళ కిందటి నుంచీ పుస్తకాలకి పుస్తకాలు వాదించుకున్నారు. మొక్కుల మీద నెదారీమ్, ప్రమాణాల మీద షెవూఓత్, జుట్టు కత్తిరించకుండా, ద్రాక్షారసం ముట్టకుండా ఉండే నాజీరు వ్రతం మీద నాజీర్ అని, రబ్బీల పాత చట్టసంకలనమైన మిష్నాలో మూడు విడి గ్రంథాలున్నాయి. వాటి మీద తల్ముదు చర్చలు మళ్ళీ వందల పుటలు. నేను వాటిని కొంతకాలంగా ఇంగ్లీషు అనువాదంలో చదువుకుంటున్నాను. చదివేకొద్దీ నాలో ఒక అభిప్రాయం గట్టిపడింది. మాటని నిజంగా బరువుగా తీసుకునే సమాజం, ఆ మాట కింద మనిషి నలిగిపోతున్నప్పుడు విడిపించే దారి కూడా సిద్ధంగా పెట్టుకోవాలి. ఆ దారి చూపించే పని మొక్కుకున్నవాడిది కాదు, చుట్టూ ఉన్నవాళ్ళది. యెఫ్తా కథలో నాకు కోపం తెప్పించేది యెఫ్తా ఒక్కడే కాదు.

మొక్కకపోతే పాపం లేదు

మన చర్చిల్లో తరచూ వినేదొకటుంది. పాత నిబంధన కాలంవాళ్ళకి ఒట్లూ మొక్కులూ ఎక్కువ, యేసు వచ్చి "అవునంటే అవును, కాదంటే కాదు" అని చెప్పి వాటిని కొట్టేశాడు అంటారు. యూదుల పుస్తకాలు తెరిస్తే ఈ మాట నిలబడదు. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం, మొక్కుకుంటే ఆలస్యం చెయ్యకుండా చెల్లించమంటుంది. ఆ పక్కనే, మొక్కుకోకపోతే నీమీద ఏ పాపమూ ఉండదంటుంది. మొక్కి చెల్లించకపోవడం కంటే అసలు మొక్కకపోవడమే మేలని ప్రసంగి తేల్చేశాడు. యేసుకి దాదాపు రెండు వందల ఏళ్ళ ముందు బెన్ సీరా అనే యెరూషలేము పండితుడు, నోటికి ఒట్టు అలవాటు చెయ్యొద్దని రాశాడు. ఎస్సెనీయులనే యూదుల వర్గం గురించి చరిత్రకారుడు జోసెఫస్ ఏం చెప్తాడంటే, వాళ్ళ నోటిమాటే ఒట్టుకంటే గట్టిదట. దేవుణ్ణి సాక్షికి పిలిస్తే తప్ప నమ్మలేని మనిషి అప్పటికే దోషి అని వాళ్ళ నమ్మకం. హేరోదు రాజు తన ప్రజలందరి చేతా విధేయతా ప్రమాణం చేయిస్తూ వాళ్ళని వదిలేశాడు. యేసు మాట ఆ ఇంట్లో పుట్టిన మాటే.

తర్వాతి రబ్బీలు ఇంకా కటువుగా మాట్లాడారు. మొక్కుకున్నవాడు దేవాలయం ఉండగా బయట సొంత బలిపీఠం కట్టుకున్నవాడితో సమానం, ఆ మొక్కు చెల్లించినవాడు దాని మీద బలి కూడా ఇచ్చినవాడితో సమానం అన్నాడు రబ్బీ నాతాన్. చెల్లించడాన్ని కూడా మెచ్చుకోలేదు, చూడండి. యెరూషలేము తల్ముదులో ఇంకో మాటుంది: ధర్మశాస్త్రం నిషేధించినవి నీకు చాలవా, వేరేవి కూడా నీ అంతట నువ్వు నిషేధించుకుంటున్నావు? పన్నెండో శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ తన ధర్మశాస్త్ర సంకలనంలో, మనిషి మధ్యేమార్గంలో నడవాలని చెప్తూ ఈ మాటనే ఎత్తి చూపించాడు.

నాకు బాగా నచ్చిన కథ సిమియోను అనే ప్రధాన యాజకుడిది. అతనికి నీతిమంతుడైన సిమియోను అని పేరు. నాజీరు వ్రతం పట్టి మధ్యలో మైలపడినవాళ్ళు తెచ్చే బలి మాంసాన్ని అతను ముట్టేవాడు కాదు. ఆవేశంలో వ్రతం పడతారు, మైలపడి రోజులు మళ్ళీ మొదటికొచ్చేసరికి ఎందుకు పట్టామా అనుకుంటారు, అలాంటి బలి ఎందుకని అతని భయం. ఒక్కసారి మాత్రం తిన్నాడు. దక్షిణం నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. అందమైన కళ్ళు, పాయలు పాయలుగా తీర్చిన ఉంగరాల జుట్టు. "ఇంత జుట్టుని ఎందుకు పాడుచేసుకోవాలనుకున్నావు నాయనా?" అని యాజకుడు అడిగాడు. "మా ఊళ్ళో నాన్న గొర్రెలు కాసేవాణ్ణి. నీళ్ళు తోడదామని బావిలోకి తొంగి చూస్తే నా నీడ కనిపించింది. నా మనసు నన్ను లాక్కుపోబోయింది. నీది కాని లోకంలో, రేపు పురుగులకి పోయే ఒంటిని చూసుకుని గర్వమా అని నన్ను నేను తిట్టుకున్నాను. ఈ జుట్టు దేవుడికే ఇచ్చేస్తానన్నాను" అన్నాడు కుర్రవాడు. సిమియోను లేచి అతని తల ముద్దుపెట్టుకుని, నీలాంటి నాజీరులు ఎక్కువవాలి అన్నాడు. తలనీలాల మొక్కులు చూస్తూ పెరిగినవాళ్ళం కాబట్టి ఈ కథ మనకి వెంటనే ఎక్కుతుంది. ఆ కుర్రవాడి మొక్కు దేనికీ బదులుగా చేసింది కాదు. ఇంకొకళ్ళ ఒంటిమీదిది అసలే కాదు. తన జుట్టు, తన గర్వం, అంతే.

రబ్బీ అకీవా లాంటి పెద్దవాడు మొక్కులని వైరాగ్యానికి కంచె అన్నాడు. ఆ మాటనీ నేను తోసెయ్యను. తాగుడు మానడానికి ఒట్టుపెట్టుకుని నిజంగానే మానినవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. కంచె పనికొస్తుంది, తన పొలం చుట్టూ వేసుకున్నంతవరకూ.

ఇప్పటికీ ఆచారం పాటించే యూదులు "రేపు ఫోన్ చేస్తాను" అనే చిన్న మాట పక్కన కూడా "బ్లీ నెదెర్" అని చేరుస్తారు, ఇది మొక్కు కింద లెక్కకాదు అని. హైదరాబాదులో నేను పనిచేసే చోట టెల్ అవీవ్ టీముతో వారంవారం మాట్లాడతాం. అక్కడ ఒకాయన ఏ గడువు ఒప్పుకున్నా చివర ఈ రెండు మాటలూ అంటాడు. తప్పించుకోవడానికి అంటున్నాడేమో అనిపించవచ్చు గానీ, చెప్పిన రోజుకి పని పంపని సందర్భం నాకు గుర్తులేదు. నోరుజారి దేవుడికి బాకీ పడతానేమోనన్న భయం ఉన్నవాడు మనుషులకిచ్చే మాటని కూడా ఆచితూచే ఇస్తాడని ఆయన్ని చూశాక నాకనిపించింది.

ఆధారం లేని చట్టం

ఇంత కట్టుదిట్టంగా ఉన్నవాళ్ళే మొక్కునుంచి విడుదల చేసే పద్ధతిని కూడా పెట్టారు. పైగా దాని గురించి మిష్నా దాపరికం లేకుండా ఒప్పుకుంటుంది: మొక్కుల విడుదల గాలిలో ఎగురుతోంది, ఆనుకోడానికి లేఖనంలో దానికి ఏమీ లేదు. నిజమే, సంఖ్యాకాండం 30 తెరిస్తే, మగవాడు మొక్కుకుంటే తన నోటినుంచి వచ్చినదంతా నెరవేర్చాలనే ఉంది. విడిపించే రబ్బీ ఊసే లేదు. అయినా ఈ చట్టాన్ని వదులుకోలేదు. వాక్యాధారం లేదని తెలిసీ మనుషుల కోసం ఒక ఏర్పాటుని ఇన్ని శతాబ్దాలు మోశారంటే ఆ పట్టుదలకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మొక్కుకున్నవాడు ఒక పండితుడి దగ్గరికి, లేదా ముగ్గురు మామూలు మనుషుల దగ్గరికి తనే రావాలి. జరిగింది చెప్పుకోవాలి. వాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు: "ఇలా అవుతుందని ఆ రోజు తెలిసుంటే మొక్కుకునేవాడివా?" లేదు అంటే ఆ మొక్కు మొదటినుంచీ తెలియక చేసినదౌతుంది, వేళ్ళతో సహా ఊడుతుంది. ఏది అడగొచ్చు, ఏది అడక్కూడదు అన్నదాని మీదే ఒక అధ్యాయం నడుస్తుంది. మొక్కిన తర్వాత అనుకోకుండా వచ్చిపడిన మార్పుని పట్టుకుని విడిపించొచ్చా? ఒకాయన ఫలానా ఇంట్లో అడుగుపెట్టనని మొక్కాడు, తర్వాత ఆ ఇల్లే సమాజమందిరం అయింది. రబ్బీ ఎలియెజెరు విడిపించొచ్చు అన్నాడు, మిగతా పండితులు కుదరదన్నారు. అంటే దొరికిన సాకుతో వదిలెయ్యడం లేదు.

ఈ అధ్యాయంలో రెండు సంఘటనలున్నాయి. ఒకాయన పెళ్ళాం నీడ కూడా తన మీద పడకూడదన్నట్టు మొక్కుకున్నాడు. విడిపోవాలంటే పెళ్ళి ఒప్పందం ప్రకారం ఆమెకి నాలుగు వందల దీనారాలివ్వాలి. రబ్బీ అకీవా ఇవ్వమన్నాడు. "అయ్యా, మా నాన్న వదిలింది ఎనిమిది వందలు. తమ్ముడు నాలుగు వందలు తీసుకున్నాడు, నాకు నాలుగు వందలు. ఆమెకి రెండు వందలిచ్చి నేను రెండు వందలుంచుకుంటే చాలదా?" అన్నాడు. "నీ తలమీది వెంట్రుకలు అమ్మైనా సరే మొత్తం ఇవ్వాల్సిందే" అన్నాడు అకీవా. "ఇలా అని తెలిస్తే మొక్కేవాణ్ణి కాదు" అన్నాడతను. ఆ మాట వినగానే అకీవా మొక్కు విప్పేశాడు. నాకు ఇందులో నచ్చేది వరస. ముందు ఆమె హక్కు పైసాతో సహా నిలబెట్టాడు, ఆ తర్వాతే అతని మొక్కు సంగతి చూశాడు.

రెండోది రబ్బీ ఇష్మాయేలుది. ఒకాయన తన అక్కచెల్లెలి కూతుర్ని చేసుకోనని మొక్కేశాడు. మేనకోడల్ని చేసుకోవడం మనవైపులాగే వాళ్ళకీ మామూలే, మెచ్చుకునేవాళ్ళు కూడా. ఆ పిల్లని ఇష్మాయేలు ఇంటికి తీసుకొచ్చి ముస్తాబు చేశారు. ఆమెకి పెట్టుడు పన్ను ఉండేదట, ఇష్మాయేలు తన డబ్బుతో బంగారు పన్ను కట్టించాడు. తర్వాత అతన్ని పిలిచి, "బాబూ, నువ్వు వద్దని మొక్కింది ఈమెనేనా?" అన్నాడు. "కాదండీ" అన్నాడు. మొక్కు పోయింది. ఇష్మాయేలు ఏడ్చి, "ఇశ్రాయేలు ఆడపిల్లలు అందగత్తెలే, పేదరికమే వాళ్ళని అలా చేస్తోంది" అన్నాడు. అతను చనిపోయినప్పుడు ఆడవాళ్ళు విలాపగీతాలు ఎత్తుకున్నారు. న్యాయశాస్త్రగ్రంథం నడిమధ్యలో, ఒక మగవాడి నోటిదురుసుకి పరువు పోయిన పిల్లకి బంగారు పన్ను కట్టించి మరీ మొక్కు విప్పిన మనిషి కథ ఉంది. అందం చూపించి ఒప్పించడమేమిటని మనకి అభ్యంతరం ఉండొచ్చు, నాకూ ఉంది. కానీ ఇష్మాయేలు చట్టంలో దారి వెతకడానికి తన చేతి డబ్బు పెట్టాడు.

ఫీనెహాసు ఎక్కడున్నాడు?

ఇప్పుడు యెఫ్తా దగ్గరికి రండి. ఆదికాండం మీద ఉన్న పాత మిద్రాషు (రబ్బీల వ్యాఖ్యానగ్రంథం), ఆదికాండ రబ్బా, ఈ కథని అసలు వదిలిపెట్టలేదు. మొదట చట్టం అడుగుతుంది. కుక్కో గాడిదో ఎదురొస్తే బలిపీఠం మీద పెడతాడా? పెట్టకూడనిదాన్ని మొక్కితే మొక్కు ఏమౌతుంది? రబ్బీ యోహానాను దాని విలువ డబ్బుగా చెల్లిస్తే సరిపోయేదన్నాడు. రేష్ లాకీషు ఆ డబ్బు కూడా అక్కర్లేదన్నాడు. ఇద్దరి లెక్కలోనూ ఆ పిల్ల చావనవసరం లేదు. అసలు చంపనే లేదు, పెళ్ళిలేకుండా దేవుడికి వదిలేశాడని మధ్యయుగంలో కిమ్హీ లాంటి వ్యాఖ్యాతలు చదివారు. మన పాస్టర్లలో కూడా అలా చెప్పేవాళ్ళున్నారు. ఆ తేడాతో నా వాదన పెద్దగా మారదు. రెండు రకాలుగానూ మొక్కింది తండ్రి, పోయింది కూతురి బతుకు.

మిద్రాషు వేసిన ప్రశ్న ఇది: మొక్కు విప్పడానికి ప్రధాన యాజకుడు ఫీనెహాసు అప్పుడున్నాడు కదా? ఉన్నాడు. "అతనికి నాతో పని, నేను అతని దగ్గరికి వెళ్ళాలా?" అని ఫీనెహాసు అనుకున్నాడు. "నేను ఇశ్రాయేలు అధిపతులకే అధిపతిని, నేను అతని దగ్గరికి వెళ్ళాలా?" అని యెఫ్తా అనుకున్నాడు. వీళ్ళిద్దరి మధ్యా ఆ పిల్ల పోయింది. మంత్రసానికీ నొప్పులు పడేదానికీ మధ్య బిడ్డ పోయినట్టు అన్న సామెతని మిద్రాషు అక్కడ జోడిస్తుంది. ఇద్దరికీ శిక్ష పడింది. యెఫ్తా అవయవాలు రాలి చచ్చాడు, ఫీనెహాసుని దైవాత్మ విడిచిపోయింది.

కూడికలో నేను విన్న కథకీ ఈ కథకీ ఎంత దూరమో చూడండి. అక్కడ వెనక్కి తీసుకోకపోవడం విశ్వాసం అన్నారు. ఇక్కడ వెనక్కి తీసుకునే దారి తెలిసీ అడగడానికి వెళ్ళకపోవడం అహంకారం అంటున్నారు. దానికి సాటిగా మొదటి సమూయేలు 14 చదవండి. సాయంత్రం దాకా ఎవడైనా తింటే వాడు శాపగ్రస్తుడని సౌలు రాజు సైన్యం చేత ఒట్టు వేయించాడు. యోనాతాను ఆ సంగతి తెలియక కర్రకొనతో తేనె తీసి నోట్లో పెట్టుకున్నాడు. సౌలు, కొడుకైనా సరే చావాల్సిందేనన్నాడు. ప్రజలు అడ్డం తిరిగారు. ఇతని తలవెంట్రుక కూడా నేల రాలదని ఎదురు ప్రమాణం చేసి విడిపించుకున్నారు. యెఫ్తా కూతురు కోసం నోరు తెరిచినవాళ్ళు లేరు. ఆమె తన చెలికత్తెలతో కొండల మీద రెండు నెలలు ఏడ్చింది. ఊళ్ళో పెద్దలందరికీ రెండు నెలల టైముంది!

ఎదుటివాడికిచ్చిన మాట

ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, నన్ను నేను కూడా చాలాసార్లు అడుక్కున్నాను. విప్పే దారంటూ ఉంటే ఇక మాటకి విలువేముంది? ముగ్గురిని కూర్చోబెట్టి విప్పించుకునేదైతే అప్పులిచ్చేవాడు ఎవడు, ఒప్పందం చేసుకునేవాడు ఎవడు?

సరిగ్గా ఈ అనుమానాన్నే శత్రువులు వందల ఏళ్ళు ఆయుధంగా వాడారు. యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినం మొదలయ్యే సాయంత్రం యూదుల మందిరాల్లో కొల్ నిద్రే అనే అరమాయిక్ ప్రకటనని మూడుసార్లు పాడతారు, మా మొక్కులూ ప్రమాణాలూ రద్దగు గాక అని. 1240లో పారిస్‌లో తల్ముదు మీద జరిగిన విచారణలో యూదుడిగా పుట్టి క్రైస్తవుడైన నికొలాస్ దొనిన్ దీన్ని ఎత్తి చూపించాడు, చూడండి వీళ్ళ ఒట్లు నమ్మడానికి లేదని. కోర్టుల్లో యూదులకి వేరే అవమానకరమైన ప్రమాణాలు పెట్టారు. పదమూడో శతాబ్దపు జర్మన్ న్యాయగ్రంథం ఒకటి, ప్రమాణం చేసే యూదుణ్ణి ఆడపంది చర్మం మీద నిలబెట్టమంటుంది. ఫ్రాన్సులో అడాల్ఫ్ క్రెమ్యూ అనే యూదు న్యాయవాది పోరాడితే 1846లో గానీ ఈ ప్రత్యేక ప్రమాణం పోలేదు.

కొల్ నిద్రేని యూదుల పెద్దలే మొదట ఒప్పుకోలేదన్న సంగతి ఆ నిందలు వేసినవాళ్ళకి పట్టలేదు. తొమ్మిదో శతాబ్దంలో బాబిలోను పండితుడు ఆమ్రామ్ గావోన్ దీన్ని తెలివితక్కువ ఆచారం అన్నాడు. పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్సులో రబ్బేను తామ్, జరిగిపోయిన ఏడాది మొక్కులని ఇలా గంపగుత్తగా రద్దుచెయ్యడం కుదరదని, ఈ యోమ్ కిప్పూర్ నుంచి వచ్చే యోమ్ కిప్పూర్ దాకా అని మాటలు మార్పించాడు. 1844లో బ్రన్స్‌విక్‌లో కూడిన సంస్కరణవాద రబ్బీలు తీసేయమన్నారు. జనం మాత్రం వదల్లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, కొల్ నిద్రే గానీ ముగ్గురి ముందు విడుదల గానీ మనిషి తనమీద తాను వేసుకున్న మొక్కులకే. ఇంకొకరికి ఇచ్చిన మాటకి ఆ దారి లేదు. దానిమీద నెదారీమ్‌లో ఒక కథ ఉంది. యూదా రాజు సిద్కియా ఒకరోజు బాబిలోను రాజు నెబుకద్నెజరు బతికున్న కుందేల్ని తింటుండగా చూశాడు. ఎవరికీ చెప్పనని నెబుకద్నెజరు ఒట్టు వేయించుకున్నాడు. సిద్కియా ఆ రహస్యం కడుపులో దాచుకోలేక పండితుల సభ చేత ఒట్టు విప్పించుకుని చెప్పేశాడు. నెబుకద్నెజరుకి తెలిసింది. సభని పిలిపించి ఏమీ తెలియనట్టు అడిగాడు. ఒట్టు విప్పుకోవచ్చా? వచ్చు. ఎవరికి ఒట్టేశాడో వాడి ఎదుటా, వాడు లేకుండానా? వాడి ఎదుటే. "మరి మీరేం చేశారు?" అన్నాడు. సభలోని పెద్దలు కింద పరిచిన ఆసనాలు లాగేసి నేలమీద కూర్చున్నారు. సీయోను పెద్దలు నేలమీద మౌనంగా కూర్చున్నారన్న విలాపవాక్యాలకి రబ్బీలు చెప్పుకున్న కారణం ఇది. ఆలయం కాల్చిన శత్రురాజు నోట తమ చట్టాన్ని పలికించి, తమ పెద్దలదే తప్పని రాసుకున్నారు.

డబ్బు విషయంలో ఇంకా గట్టివాళ్ళు. కోర్టులో ఒట్టు వేయించేముందు, దేవుడు సీనాయి మీద నా పేరు వ్యర్థంగా పలకొద్దన్నప్పుడు లోకమంతా వణికిందని చెప్పి బెదిరిస్తారు. రవా అనే న్యాయాధిపతి దగ్గరికి ఒక అప్పు తగాదా వచ్చింది. తీర్చేశానని ఒట్టెయ్యమన్నాడు. బాకీదారు బోలుగా ఉన్న కర్రలో నాణేలు పోసి, దానిమీద ఆనుకుంటూ వచ్చి, "కాస్త ఈ కర్ర పట్టుకో" అని అప్పిచ్చినవాడి చేతికిచ్చాడు. తోరా (ధర్మశాస్త్రం) గ్రంథం పట్టుకుని, ఇవ్వాల్సిందంతా ఇతని చేతికిచ్చేశానని ప్రమాణం చేశాడు. అప్పిచ్చినాయన ఒళ్ళుమండి కర్ర విరగ్గొడితే నాణేలు నేలంతా దొర్లాయి. అందుకే ప్రమాణం చేయించేటప్పుడు, నీ మనసులో పెట్టుకున్న అర్థం కాదు, మేమనుకునే అర్థంలోనే చేస్తున్నావు అని చెప్పి మరీ చేయిస్తారు. ఒట్టు లేకుండా ఇచ్చిన మాటకి కూడా లెక్కుంది. బేరం కుదిరి డబ్బు చేతులు మారాక, సరుకు కదలకముందు వెనక్కి తగ్గితే చట్టం పట్టుకోలేదు గానీ, "జలప్రళయపు తరాన్ని శిక్షించినవాడు మాటమీద నిలబడనివాణ్ణి శిక్షిస్తాడు" అని మొహం మీదే శపిస్తారు.

మనదగ్గర ఇది తలకిందులుగా ఉందని నాకు బాధ. దేవుడికి మొక్కింది చెల్లించకపోతే ఇంటికి కీడు అని వణికిపోతాం. చేబదులు తెచ్చుకున్న డబ్బుకి, పనమ్మాయికి ఇస్తానన్న జీతం పెంపుకి ఆ వణుకు ఉండదు. క్రైస్తవులం, హిందువులం అని తేడా ఏమీ లేదు ఇందులో.

నాకు మింగుడుపడనిది

ఈ సంప్రదాయంలో అన్నీ నాకు నచ్చుతాయని చెప్పను. సంఖ్యాకాండం 30లో ఆడవాళ్ళ మొక్కుల నియమం ఉంది. చిన్నపిల్ల మొక్కుని తండ్రి, పెళ్ళైనదాని మొక్కుని భర్త, విన్న రోజునే కాదంటే అది పోతుంది. విధవరాలూ, విడాకులైనదీ మొక్కితే మాత్రం నిలుస్తుంది. రబ్బీలు భర్త అధికారాన్ని ఆమె తనని తాను కష్టపెట్టుకునే మొక్కులకీ, భార్యాభర్తల మధ్య విషయాలకీ కుదించారు. కుదించినా మూలం అలాగే ఉంది. పండితుడు విప్పాలంటే మొక్కిన మనిషి వచ్చి అడగాలి, ఆ మనిషి మనసులో ఏముందో వినాలి. భర్తకి అదేమీ అక్కర్లేదు, వద్దు అంటే చాలు. ఆమె మాట అతని మాటంత బరువుది కాదని ముందే అనేసుకున్న చట్టం ఇది. మొక్కుల విషయంలో మనిషిని ఇంత గౌరవించిన సంప్రదాయం ఇక్కడ సగంమందిని వదిలేసింది. దీన్ని సమర్థించే వ్యాఖ్యానాలు చదివాను, ఏదీ నన్ను ఒప్పించలేదు.

మేనకోడలి ప్రశ్నకి దగ్గరగా వచ్చేది నాజీర్ నాలుగో అధ్యాయం. తండ్రి తన చిన్న కొడుకుని నాజీరుగా మొక్కొచ్చు, తల్లికి ఆ హక్కు లేదు. ఇక్కడా ఆడదాన్ని తగ్గించారనే అనుకోండి. కానీ ఆ వెంటనే ఉన్నది చూడండి. కొడుకు ఒప్పుకోకపోతే పోయింది. కొడుకు బదులు చుట్టాలు వద్దన్నా పోయింది. కొడుకు జుట్టు తీయించుకున్నా, చుట్టాలు తీయించినా పోయింది. చుట్టాలు! బాబాయిలు, మేనత్తలు, మేనమామలు. పిల్లవాడికి నోరు లేకపోతే వాళ్ళ నోరు సరిపోతుందన్నారు.

ఇది మా వదినకి చెప్పాను. "మరి బైబిల్లో హన్నా, కొడుకుని ఇస్తే నీకే ఇచ్చేస్తానని సమూయేలుని మొక్కుకోలేదా?" అంది. సరైన ప్రశ్నే, యూదు వ్యాఖ్యాతలు కూడా దీనిమీద తంటాలు పడ్డారు. నాకు తోచింది చెప్పాను. హన్నా మొక్కుని ఆమె భర్త ఎల్కానా కాదనొచ్చు, కానీ "నీకు మంచిదనిపించింది చెయ్యి" అన్నాడు. సమూయేలు తర్వాత తనే "చెప్పు ప్రభువా, నీ దాసుడు వింటున్నాడు" అన్నాడు. తల్లి మొక్కు పిల్లవాణ్ణి గుమ్మం దాకా తీసుకెళ్ళింది, లోపలికి వెళ్ళింది అతనే. మన పిల్లని అడిగావా అన్నాను. వదిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రాత్రి నేనెట్లా ఉన్నానో నీకేం తెలుసు" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఉండాలని కూడా అనుకోను. ఊపిరాడని బిడ్డని ఒళ్ళో పెట్టుకున్న తల్లి ఏం మొక్కుకున్నా దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. విడుదల అనేదాన్ని కనిపెట్టిందే అలాంటి రాత్రుల్లో పుట్టిన మాటల కోసం.

దేవుడి ఒట్టు

ఈ పుస్తకాల్లో దేవుడు కూడా ఒట్టుపెట్టుకుంటాడు, ఆయనకి కూడా విప్పేవాళ్ళు కావాలి. ఇశ్రాయేలీయులు బంగారు దూడని పూజించాక, వేరే దేవుళ్ళకి బలి ఇచ్చేవాడు నాశనమౌతాడని ప్రమాణం చేసేశాను, వెనక్కి తీసుకోలేనన్నాడట దేవుడు. "మొక్కు విప్పే అధికారం నువ్వే నాకిచ్చావు కదా" అని మోషే శాలువా కప్పుకుని పండితుడిలా కూర్చున్నాడు. దేవుడు విడుదల అడగడానికి వచ్చినవాడిలా అతని ముందు నిలబడ్డాడు. నిర్గమకాండం మీది మిద్రాషులో ఉంది ఇది. నాకు తెలిసిన దైవభక్తి రచనల్లో ఇంత ధైర్యం ఇంకెక్కడా కనిపించలేదు.

ఇంకోటి తల్ముదులో బావా బత్రా అనే గ్రంథంలో ఉంది. రబ్బా బర్ బర్ హనా అనే యాత్రికుణ్ణి ఒక అరబు వర్తకుడు సీనాయి కొండ దగ్గరికి తీసుకెళ్ళాడు. చుట్టూ తెల్లగాడిదలంత తేళ్ళు నిలబడి ఉన్నాయట. అక్కడ ఒక గొంతు వినిపించింది: "అయ్యో, ఒట్టుపెట్టుకున్నానే! ఇప్పుడు నాకు విప్పేదెవరు?" తిరిగొచ్చి పండితులకి చెప్తే వాళ్ళు అతన్ని గాడిదా, మూర్ఖుడా అని తిట్టారు. "విప్పాను, పో" అని నువ్వు అనాల్సింది కదా! ఆ గొంతు బాధపడుతున్నది తన ప్రజలని చెరకి పంపిన ఒట్టు గురించని వాళ్ళ ఉద్దేశం. అతని తరఫున తల్ముదు ఒక సాకు చెప్తుంది. మళ్ళీ జలప్రళయం రప్పించనని చేసిన ఒట్టేమోనని భయపడ్డాడు, దాన్ని విప్పితే లోకం మునిగిపోతుంది కదా. పండితులు ఆ సాకుని ఒప్పుకోలేదు. ఆ ఒట్టే అయితే "అయ్యో" అని ఎందుకంటాడు అన్నారు.